చలికాలానికి పొడుగు చేతుల లేస్ స్వెట్టర్: ఊలు ఎంపిక నుంచి చేతుల లెక్క వరకు

మీరు వరంగల్‌లో ఉంటూ, అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మీ అమ్మాయికి చలికాలంలోపు పొడుగు చేతుల లేస్ స్వెట్టర్ ఒకటి అల్లి పంపాలనుకుంటున్నారు. ఇప్పటిదాకా మఫ్లర్లు, పసిపిల్లల స్వెట్టర్లు, పెద్దవాళ్ళకి ఒకటి రెండు ప్లెయిన్ స్వెట్టర్లు అల్లిన అనుభవం ఉంది. మీరు అడిగినవి ఇవి: అన్ని చిల్లులున్న అల్లిక అక్కడి చలికి ఆగుతుందా, కొని పెట్టుకున్న తెల్ల యాక్రిలిక్ ఉండలు వాడొచ్చా లేక గొంగళ్ళు నేసేవాళ్ళ దగ్గర దొరికే ఊలు తీసుకోవాలా, కుట్లు ఎన్ని వేసుకోవాలి, చేతులకు కుట్లు పెంచేటప్పుడు డిజైన్ చెదిరిపోకుండా ఏం చేయాలి. నేను చాలా ఏళ్ళుగా లేస్ అల్లుతున్నాను, నేర్పిస్తున్నాను కూడా. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే లేస్ స్వెట్టర్ పాడయ్యేది అల్లేటప్పుడు కాదు, సూదులు పట్టకముందు తీసుకునే నిర్ణయాల దగ్గరే.

ముందు చలి సంగతి. లేస్ షాల్‌లకు పేరుపడ్డ ఊళ్ళు ఎక్కడున్నాయో చూడండి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవులు, రష్యాలో ఉరల్ పర్వతాల దక్షిణపు కొసన ఉన్న ఓరెన్‌బుర్గ్, ఎస్టోనియా సముద్రతీరంలోని హాప్సలు. అన్నీ ఎముకలు కొరికే చలి ప్రాంతాలే. ఓరెన్‌బుర్గ్ వాళ్ళు మేక ఒంటి మీద పైవెంట్రుకల కింద ఉండే మెత్తటి నూగుతో అల్లే షాల్ పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత పల్చన, అయినా ఒంటికి వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం ఇచ్చేది దారం మందం ఒక్కటే కాదు, దారంలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. ఊలు పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ గాలిని పట్టి ఉంచుతుంది. పైగా తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. బస్సు కోసం పరిగెత్తి చెమట పట్టినా, తర్వాత ఆ చెమటకే వణుకు పుట్టదు.

కానీ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. గాలి వీస్తే లేస్ ఆగదు. చిల్లుల్లోంచి గాలి దూరిందంటే లోపల నిలిచిన వెచ్చటి గాలి కొట్టుకుపోతుంది. కాబట్టి ఈ స్వెట్టర్ కోటు కింద వేసుకోవడానికి, ఆఫీసులో, ఇంట్లో వేసుకోవడానికి. లోపల ఒంటికి పట్టినట్టుండే పూర్తి చేతుల బనియన్ లేదా థర్మల్ ఉండాలి, పైన గాలి దూరని కోటు ఉండాలి. రెండింటి మధ్య ఈ అల్లిక పడితే దాని చిల్లులే గాలి నిలవడానికి చోటిస్తాయి. మీ అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే కోటు లేకుండా బయటికి వెళ్ళి "అమ్మా, ఇది చలికి ఆగట్లేదు" అంటుంది.

ఇక ఊలు. ఆ తెల్ల యాక్రిలిక్‌ను ఈ స్వెట్టర్‌కి వాడకండి. యాక్రిలిక్ చెడ్డదని కాదు, పసిపిల్లల బట్టలకు, రోజూ ఉతికే వాటికి బాగానే పనికొస్తుంది. లేస్‌కి మాత్రం కుదరదు. లేస్ సూది మీద ఉన్నప్పుడు ముడుచుకుపోయి, నలిగిన గుడ్డలా ఉంటుంది. దాన్ని తడిపి, సాగదీసి, పిన్నులు గుచ్చి ఆరబెడితేనే చిల్లులు తెరుచుకుని డిజైన్ కనపడుతుంది. ఈ పనినే బ్లాకింగ్ అంటాం. ఊలు తడిసినప్పుడు ఏ ఆకారంలో ఆరబెడితే ఆ ఆకారంలో నిలుస్తుంది. యాక్రిలిక్ ప్లాస్టిక్ జాతిది, నీళ్ళకు లొంగదు, పిన్నులు తీయగానే మళ్ళీ ముడుచుకుంటుంది. ఇస్త్రీ ఆవిరి పడితే లొంగుతుంది కానీ అప్పుడు దానిలో స్ప్రింగు చచ్చిపోయి, వేలాడిపోయి, మళ్ళీ ఎప్పటికీ మామూలు స్థితికి రాదు. ఆ ఉండలు డిజైన్ చేయి తిరిగేదాకా ప్రాక్టీసుకి వాడుకోండి.

గొంగళ్ళ ఊలు గురించి అడిగారు. మన దక్కనీ గొర్రె ఊలంటే నాకు చాలా గౌరవం. కురుమలు నేసిన గొంగడి వానలోనూ చలిలోనూ గొర్రెల కాపరిని కాపాడినట్టు ఏ ఫ్యాక్టరీ రగ్గూ కాపాడదు. కానీ ఆ ఊలు ముతకది, మధ్యలో గట్టి వెంట్రుక కలిసి ఉంటుంది. ఆ గట్టిదనమే గొంగడికి బలం. మెడకు, ముంజేతికి తగిలే స్వెట్టర్‌లో అదే గుచ్చుకుంటుంది, పైగా ముతక పోగు మీద సన్నటి చిల్లుల డిజైన్ తేలదు. ఒంటికి గుచ్చుకోకుండా ఉండాలంటే పోగు మందం ఇంచుమించు 22 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోపు ఉండాలి. మెరినో అనే గొర్రె జాతి ఊలు సాధారణంగా 17 నుంచి 22 మైక్రాన్ల మధ్య ఉంటుంది, అందుకే మెరినో కొనమంటున్నాను.

మన ఊళ్ళలో ఊలు అని అమ్మే ఉండల్లో చాలావరకు యాక్రిలిక్‌వే. షాపతను "ప్యూర్ ఊల్ అండీ" అన్నా సరే, లేబుల్ తిప్పి చదవండి. అక్కడ 100 శాతం ఊలు అనో మెరినో అనో రాసి ఉండాలి. అనుమానం ఉంటే చిన్న పోగు కాల్చి చూడండి. ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అమ్మాయి చేతే అక్కడ కొనిపించి, ఎవరైనా ఇండియాకు వచ్చేటప్పుడు తెప్పించుకున్నా మంచిదే. అప్పుడు అమెరికాలో డీకే అనే మందం అడగమనండి. బ్రిటన్‌లో డబుల్ నిట్టింగ్ అన్నా, ఆస్ట్రేలియాలో 8 ప్లై అన్నా అదే. 50 గ్రాముల ఉండకి 110 నుంచి 125 మీటర్లు వస్తుంది. మీడియం సైజు పొడుగు చేతుల స్వెట్టర్‌కి 1200 మీటర్లు లెక్కపెట్టుకోండి, అంటే పదీ పదకొండు ఉండలు, పైన ఒకటి ఎక్కువ. అన్నిటి మీదా డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబరు) ఒకటే ఉందో లేదో చూసుకోండి. లాట్ మారితే ఉండల్లో తేడా తెలియదు కానీ అల్లాక చేతి రంగు ఒకటి, ఛాతీ రంగు ఒకటిగా తేలుతుంది.

సూపర్‌వాష్ అని రాసి ఉన్నది కొనాలా వద్దా అని తర్వాత మీకే సందేహం వస్తుంది. ఆ ఊలు పొలుసుల్ని రసాయనాలతో నున్నగా చేసి, మెషిన్‌లో ఉతికినా గట్టిపడకుండా చేస్తారు. సౌకర్యమే, కానీ ఆ పొలుసులే కుట్లని ఒకదానికొకటి పట్టి ఉంచేవి. అవి లేక సూపర్‌వాష్ ఊలు తడిసినప్పుడు బాగా సాగుతుంది, లేస్‌లో ఇంకా ఎక్కువ సాగుతుంది. నా మాట వింటే సూపర్‌వాష్ కానిదే తీసుకోండి. ఉతికాక అది కొంచెం ఉబ్బి, నూగు లేచి, చిల్లుల అంచుల్ని మెత్తగా నింపుతుంది. చలికాలపు లేస్‌కి కావాల్సింది సరిగ్గా అదే. మొహెయిర్ (అంగోరా మేక వెంట్రుక) కలిపిన దారం చూడ్డానికి ఎంతో బాగుంటుంది, వెచ్చగానూ ఉంటుంది, కానీ తప్పు పోతే విప్పడం నరకం. మొదటి లేస్ స్వెట్టర్‌కి వద్దు.

రంగు మీ ఇష్టం అనను. లేత రంగు, ఒకే రంగు తీసుకోండి. గోధుమ రంగో, లేత బూడిద రంగో, పాత గులాబీ రంగో. ముదురు నీలంలో, నలుపులో చిల్లులు కనపడవు, మీ కష్టమంతా చీకట్లో కలిసిపోతుంది. రంగులు మారుతూ వచ్చే దారంలో అయితే రంగే కనపడుతుంది, లేస్ కనపడదు.

సూదుల నంబర్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది. మన దగ్గర 'పోనీ' (Pony) లాంటి కంపెనీల సూదుల మీద చాలాకాలంగా ఉన్నది పాత బ్రిటిష్ నంబరు, అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబరు దానికి ఎదురు. మన 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 నంబరు 5 మిల్లీమీటర్లు. అమ్మాయి అక్కడినుంచి పంపిన ప్యాటర్న్‌లో 8 అని చూసి మీరు ఇక్కడి 8 పట్టుకుంటే స్వెట్టర్ రెండు సైజులు చిన్నదవుతుంది. నంబరు మర్చిపోయి మిల్లీమీటర్లే చూడండి. మీకు కావాల్సినవి 4 మిల్లీమీటర్లది ఒకటి, బోర్డర్ రిబ్‌కి (అంచున సాగే గీతల అల్లికకి) 3.25 మిల్లీమీటర్లది ఒకటి. 80 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది (రెండు సూది కొసల్ని వంగే తీగతో కలిపినది) అయితే బరువంతా ఒళ్ళో ఉంటుంది, మణికట్లు లాగవు.

డిజైన్‌గా నేను మీకు హార్స్ షూ లేస్ చెప్తాను. గుర్రపు నాడా ఆకారం వరసగా పైకి వెళ్తుంది. 10 కుట్ల గుణిజానికి ఒకటి అదనం, 8 వరుసలకు ఒక ఆవృత్తి, అంటే 10 కుట్ల వెడల్పు, 8 వరుసల ఎత్తు అయ్యాక డిజైన్ మళ్ళీ మొదలవుతుంది. ఎదురు వైపు వరుసల్లో చిల్లుల పని ఏమీ లేదు కాబట్టి ప్రతి రెండో వరుసకి ఊపిరి పీల్చుకోవచ్చు. చిల్లులు మరీ పెద్దవి కావు, మధ్యలో నిండు అల్లిక ఉంటుంది, కాబట్టి చలికాలానికి తగినది. నిట్ అంటే మీరు సీదా అనేది, పర్ల్ అంటే ఉల్టా. యార్న్ ఓవర్ అంటే దారాన్ని ముందుకు తెచ్చి సూది మీదుగా వేసి కొత్త కుట్టు, చిల్లు రెండూ పుట్టించడం. "మూడింటిని కలిపి ఒకటి" అన్నచోట, ఒక కుట్టును అల్లకుండా కుడి సూదికి జరిపి, తర్వాతి రెండింటినీ కలిపి నిట్ చేసి, జరిపిన కుట్టును దాని మీదుగా దాటించండి.

1వ వరుస: 1 నిట్, ఆ తర్వాత (యార్న్ ఓవర్, 3 నిట్, మూడింటిని కలిపి ఒకటి, 3 నిట్, యార్న్ ఓవర్, 1 నిట్) చివరిదాకా.
2వ వరుస: అంతా పర్ల్.
3వ వరుస: 1 పర్ల్, ఆ తర్వాత (1 నిట్, యార్న్ ఓవర్, 2 నిట్, మూడింటిని కలిపి ఒకటి, 2 నిట్, యార్న్ ఓవర్, 1 నిట్, 1 పర్ల్).
4, 6, 8 వరుసలు: 1 నిట్, ఆ తర్వాత (9 పర్ల్, 1 నిట్).
5వ వరుస: 1 పర్ల్, ఆ తర్వాత (2 నిట్, యార్న్ ఓవర్, 1 నిట్, మూడింటిని కలిపి ఒకటి, 1 నిట్, యార్న్ ఓవర్, 2 నిట్, 1 పర్ల్).
7వ వరుస: 1 పర్ల్, ఆ తర్వాత (3 నిట్, యార్న్ ఓవర్, మూడింటిని కలిపి ఒకటి, యార్న్ ఓవర్, 3 నిట్, 1 పర్ల్).

చిల్లులున్న ప్రతి వరుసలో, ఒక్కో ఆవృత్తి వెడల్పుకి రెండు యార్న్ ఓవర్లు పుడతాయి, రెండు కుట్లు పోతాయి. ఈ జమాఖర్చు గుర్తు పెట్టుకోండి, చేతుల దగ్గరా మెడ దగ్గరా మిమ్మల్ని కాపాడేది ఇదే.

ఇప్పుడు నమూనా ముక్క. దీన్ని వదిలేసి నేరుగా స్వెట్టర్ మొదలుపెట్టే వాళ్ళే ఎక్కువ, లేస్‌లో అది కుదరదు. ప్లెయిన్ అల్లికలో సూది మీద కొలిచిన కొలతకీ, ఉతికాక కొలతకీ తేడా తక్కువ. లేస్‌లో ఆ తేడా ఒక సైజంత. మూడు ఆవృత్తుల వెడల్పు, అంటే 31 కుట్లు, అంచులకు రెండు కలిపి 33 కుట్లు వేసుకుని, ఐదు ఆవృత్తుల ఎత్తు అల్లండి. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, పిండకుండా టవల్‌లో చుట్టి అదిమి, స్వెట్టర్ ఎంత సాగి కనపడాలనుకుంటున్నారో అంతే సాగదీసి పిన్నులు గుచ్చండి. పూర్తిగా ఆరాక పిన్నులు తీసి, ఒక రాత్రి క్లిప్పులతో వేలాడదీయండి, కింద అంచుకు రెండు మూడు బట్టల క్లిప్పులు బరువు కోసం పెట్టండి. అర కిలో స్వెట్టర్ తన బరువుకి తను ఎంత సాగుతుందో ఆ ముక్క ఒక్క రాత్రిలో చెప్పేస్తుంది. పొద్దున తీసి, ఒక్కో కుట్టునీ లెక్కపెట్టకుండా, ఒక ఆవృత్తి ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో కొలవండి.

కొలతల కోసం అమ్మాయి ఒళ్ళు కొలవమనకండి. తనకి నప్పిన స్వెట్టర్ ఒకటి నేల మీద పరిచి, ఛాతీ వెడల్పు, చంక నుంచి కింది దాకా, చంక నుంచి మణికట్టు దాకా, భుజం నుంచి భుజానికి కొలిచి ఫోటోతో సహా పంపమనండి. కింద లెక్కకి ఛాతీ చుట్టుకొలత 90 సెంటీమీటర్లు అనుకుంటున్నాను, లోపల బనియనుకి చోటు కలిపి స్వెట్టర్ 96 దాకా రావాలి. నమూనా ముక్కలో ఆవృత్తికి 5 సెంటీమీటర్లు, అంటే 10 సెంటీమీటర్లకు 20 కుట్లు, 28 వరుసలు వచ్చాయనుకుందాం. అదే సూదితో ప్లెయిన్ అల్లిక 22 కుట్లు వస్తుంది.

వెనక భాగం 48 సెంటీమీటర్లు రావాలి. తొమ్మిది ఆవృత్తులు వేస్తే 91 కుట్లు, 45.5 సెంటీమీటర్లు, చాలదు. పది వేస్తే 50.5, ఎక్కువ. ఇక్కడే చాలామంది సూది సైజు మార్చి సర్దాలని చూస్తారు, దాంతో చిల్లులు పెద్దవవుతాయి. అంతకన్నా మంచి మార్గం, తొమ్మిది ఆవృత్తులే ఉంచి, రెండు పక్కలా మూడేసి ప్లెయిన్ కుట్లు, కుట్టులోకి పోయే అంచు కుట్టు ఒకటేసి కలపడం. మొత్తం 99 కుట్లు. అంచులు కుట్టులో పోగా ఇంచుమించు 48 వస్తుంది. ఆ పక్క ప్లెయిన్ పట్టీ వల్ల కుట్టడం కూడా తేలికవుతుంది, చిల్లు పక్కన చిల్లు పెట్టి కుట్టే బాధ ఉండదు. ముందు భాగం కూడా ఇంతే.

నాలుగు ముక్కలుగా అల్లి కుట్టమని నా సలహా. ఇప్పుడు అందరూ మెడ నుంచి కిందికి కుట్టు లేకుండా ఒకే గొట్టంలా అల్లుతున్నారు, ప్లెయిన్ స్వెట్టర్‌కి అది బాగుంటుంది. సాగే లేస్‌కి పక్క కుట్లే నడుం కట్టు. ఇంకో కారణం కూడా ఉంది. మీరు అల్లేది వరంగల్ ఎండల్లో, ఊలు స్వెట్టర్ మొత్తం ఒళ్ళో వేసుకుని కూర్చుంటే చెమటకే విసుగొచ్చి పక్కన పడేస్తారు. ఒక్కో ముక్క అయితే తేలిగ్గా ఉంటుంది. చేతులు చెమటపడితే ఊలు సూదికి అతుక్కుంటుంది, అప్పుడు వెదురు సూదికన్నా నున్నటి స్టీలు సూది మేలు.

3.25 సూదితో 91 కుట్లు వేసి 6 సెంటీమీటర్లు ఒకటి నిట్ ఒకటి పర్ల్ రిబ్ అల్లండి. చివరి వరుసలో అక్కడక్కడ 8 పెంచి 99 చేసి, 4 మిల్లీమీటర్ల సూదికి మారండి. పదకొండు ఆవృత్తులు, అంటే 88 వరుసలకి చంక దాకా వస్తారు. ప్రతి ఆవృత్తికీ మధ్య రంగు దారంతో చిన్న ఉంగరం సూదికి తొడిగి ఉంచండి, ప్రతి రెండు ఉంగరాల మధ్యా ఎప్పుడు చూసినా పదే కుట్లు ఉండాలి. తొమ్మిదే ఉంటే యార్న్ ఓవర్ ఒకటి మర్చిపోయారని అర్థం. కింది వరుసలో రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న దారాన్ని సూదితో పైకెత్తి కుట్టు చేసుకుంటే సరిపోతుంది, విప్పక్కర్లేదు. కానీ తప్పు నాలుగు వరుసల కింద ఉందనుకోండి, లేస్ విప్పి మళ్ళీ కుట్లు పట్టడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. అందుకని ప్రతి 8వ వరుస అయ్యాక పెద్ద సూదిలోకి నున్నటి నూలు దారం ఎక్కించి, సూది మీదున్న కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేయండి. దీన్ని లైఫ్‌లైన్ అంటారు. ఎంత విప్పినా ఆ దారం దగ్గర ఆగుతుంది. ఈ ఒక్క పని చేస్తే లేస్ అంటే ఉండే టెన్షన్ సగం పోతుంది.

చంక దగ్గర, మొదటిసారి కాబట్టి వంపు తిరిగిన చేతి తల (చేతి పైకొసను వంపుగా తగ్గిస్తూ అల్లే భాగం) పెట్టుకోకండి. రెండు పక్కలా 13 కుట్లు చొప్పున ఒకేసారి ముగించేయండి. 99లో 26 పోతే 73, అంటే సరిగ్గా ఏడు ఆవృత్తుల 71 కుట్లు, రెండు అంచు కుట్లు. డిజైన్ ఎక్కడా తెగలేదు చూశారా, పక్కన ఒక పూర్తి ఆవృత్తి మాయమైంది, అంతే. భుజాల వెడల్పు 35.5 సెంటీమీటర్లు, ఆ సైజుకి సరిపోతుంది. అక్కడి నుంచి 18 సెంటీమీటర్లు నేరుగా అల్లాలి.

మెడ వంపు దగ్గర ఆవృత్తి మధ్యలో తెగక తప్పదు. అప్పుడు ఆ జమాఖర్చు గుర్తు తెచ్చుకోండి. మెడ వైపు తగ్గించిన కుట్ల వల్ల ఒక యార్న్ ఓవర్ పోయిందనుకోండి, దానికి జంటగా ఉన్న తగ్గింపు కూడా పోవాలి. అంటే "మూడింటిని కలిపి ఒకటి" స్థానంలో "రెండింటిని కలిపి ఒకటి" చేయాలి. రెండు యార్న్ ఓవర్లూ పోతే అక్కడ ప్లెయిన్ నిట్టే. జంటలో ఒకటి ఉండి ఇంకోటి పోతే కుట్లు తెలియకుండా పెరగడమో తగ్గడమో జరిగి, పది వరుసల తర్వాత గాని బయటపడదు. ఇది కూడా కష్టంగా అనిపిస్తే, ముందు భాగంలో మెడ మొదలయ్యే చోటికి ఆవృత్తి పూర్తి చేసి, పైదంతా ప్లెయిన్‌గా అల్లేయండి. ఏ మాత్రం బాగోకపోదు, మెడ దగ్గర గాలి కూడా తగ్గుతుంది.

ఇక మీరు ఎక్కువగా భయపడ్డ చేతులు. మణికట్టు దగ్గర 3.25 సూదితో 45 కుట్లు వేసి 6 సెంటీమీటర్లు రిబ్, చివరి వరుసలో 8 పెంచి 53. మధ్యలో 51 కుట్లు లేస్, అంటే ఐదు ఆవృత్తులు, రెండు పక్కలా ఒక్కో అంచు కుట్టు. ఈ 51కి చంక దాకా ఇంక ఏ మార్పూ ఉండదు. పెంచే కుట్లన్నీ అంచు కుట్టుకి లోపలి పక్కన, ప్లెయిన్‌గానే ఉంటాయి. కొత్త కుట్టు రాగానే దాన్ని డిజైన్‌లో కలపాలని చూడటమే డిజైన్ చెదిరిపోవడానికి కారణం. పది కుట్లు పూర్తిగా పోగయ్యేదాకా అక్కడ ఆవృత్తికి చోటే లేదు.

ప్రతి ఆవృత్తిలో మొదటి వరుసలోనే రెండు పక్కలా ఒక్కో కుట్టు పెంచండి. వరుసలు లెక్కపెట్టే పనే ఉండదు, 1వ వరుస వచ్చిందంటే పెంచాలి. 12 ఆవృత్తుల్లో 24 కుట్లు పెరిగి 77 అవుతాయి. 13వది పెంచకుండా అల్లండి. 13 ఆవృత్తులంటే 104 వరుసలు, 37 సెంటీమీటర్లు, రిబ్‌తో కలిపి 43. వెడల్పు చూస్తే, లేస్ 25.5, ప్లెయిన్ 24 కుట్లకు 11, మొత్తం 36.5. అంటే సగానికి మడిస్తే 18, మనం వదిలిన చంక ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ రెండు అంచుల్లోనూ ఒక్కో గుర్తు దారం కట్టి, ఇంకో 6.5 సెంటీమీటర్లు నేరుగా అల్లి ముగించండి. ఆ చివరి భాగం చంక దగ్గర ఒకేసారి ముగించిన 13 కుట్ల మెట్టుకి కుట్టడానికి. చివర్లో ప్లెయిన్ కుట్లు పన్నెండేసి ఉంటాయి కాబట్టి వాటిలోంచి ఆవృత్తి తెద్దామా అనిపిస్తుంది. వద్దు. అది చేతి అడుగున, ఒరుసుకునే చోటు. ప్లెయిన్‌గా ఉంటేనే ఎక్కువ కాలం ఆగుతుంది. రెండు చేతులూ ఒకేసారి, ఒకే సర్క్యులర్ సూది మీద రెండు ఉండలతో అల్లండి, అప్పుడు పొడుగులో తేడా రాదు.

ముక్కలన్నీ అయ్యాక కుట్టకముందే బ్లాకింగ్ చేయాలి. మంచం మీద దుప్పటి పరిచి, లెక్కలో వేసుకున్న కొలతలకే టేపు పెట్టి పిన్నులు గుచ్చండి. రిబ్‌ను మాత్రం సాగదీయకండి, దాని పట్టు పోతుంది. పిన్నులు తుప్పు పట్టనివై ఉండాలి. ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే తీయండి, ఎండలో వద్దు.

కుట్టేటప్పుడు భుజం కుట్టు మీద శ్రద్ధ పెట్టండి. రెండు పొడుగు చేతుల బరువు వేలాడేది ఆ నాలుగు అంగుళాల మీదే. భుజాలు కుట్టాక లోపలి వైపు నుంచి క్రోషే సూదితో ఒక భుజం కొస నుంచి వెనక మెడ మీదుగా రెండో భుజం కొస దాకా గట్టిగా స్లిప్ స్టిచ్ ఒక వరుస వేస్తే స్వెట్టర్ జారిపోదు. నరసాపురం వైపు చుట్టాలెవరైనా ఉంటే ఈ పని వాళ్ళకి చెప్పండి, క్రోషే అక్కడి వాళ్ళ చేతిలో ఉన్న విద్య. మెడకి 3.25 సూదితో కుట్లు ఎత్తి 2.5 సెంటీమీటర్లు రిబ్ అల్లి, చివర వదులుగా ముగించండి, తల దూరాలి కదా.

పంపేటప్పుడు మిగిలిన ఊలు కొంచెం, ఉండ మీది లేబుల్ అందులో పెట్టండి, ఎప్పుడైనా పోగు తెగితే పనికొస్తుంది. అమ్మాయికి మూడు మాటలు రాసి పెట్టండి. హ్యాంగర్‌కి తగిలించొద్దు, మడిచి పెట్టాలి. చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళలో ఊలు లిక్విడ్ వేసి చేత్తోనే ముంచాలి, రుద్దకూడదు. డ్రయ్యర్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు. అక్కడి ఇళ్ళలో బట్టలన్నీ ఉతికి డ్రయ్యర్‌లో పడేయడం అలవాటు. సూపర్‌వాష్ కాని ఊలు ఆ వేడికి, ఆ కుదుపుకి గట్టిపడి పసిపిల్ల స్వెట్టరంత అవుతుంది, మళ్ళీ సాగదు.

కొలతలు వచ్చాక, నమూనా ముక్కలో ఆవృత్తి వెడల్పు, 8 వరుసల ఎత్తు ఎంత వచ్చాయో రాయండి. మీ అమ్మాయి సైజుకి కుట్ల లెక్క నేను వేసి పంపిస్తాను.